తెల్లబట్ట అవుతోందా? మందు కొనే ముందు ఈ పనులు చేయండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊళ్లోనైనా సరే, ఒకామె గొంతు తగ్గించి "తెల్లబట్ట అవుతోంది" అంటే చాలు, పక్కనుంచి వెంటనే సలహాలు వస్తాయి. "ఓలమ్మ, వేడి సేసుంటాది, సబ్జా గింజలు నానబెట్టి తాగు" అని ఒకరు. మందుల షాపులో ఫలానా మాత్ర అడగమని ఒకరు. నాకు గర్భసంచి తీయించుకున్నాకే తగ్గిందని ఇంకొకరు. అందరూ మన మేలు కోరే చెబుతారు. కానీ అసలు ఎందుకవుతోందని మాత్రం ఎవరూ అడగరు. కారణం తెలియకుండా వేసిన మందు తగిలితే తగులుతుంది, లేదంటే లేదు. మందులు మారుస్తూ నెలలు గడిచిపోతాయి. కారణం కనిపెట్టడం అంత కష్టమేమీ కాదు. అందులో సగం పని ఇంట్లో మీరే చేసుకోవచ్చు.

మొదటి పని: ఏది మామూలో తెలుసుకోండి

వయసొచ్చిన ప్రతి ఆడదానికీ యోనిలోంచి కొంత ద్రవం రావడం సహజం. అది జబ్బు కాదు. లోపలి పొరల్లో గ్లైకోజెన్ అనే పదార్థం ఉంటుంది. పాలను తోడుపెట్టే సూక్ష్మజీవుల జాతికే చెందిన లాక్టోబాసిల్లై అక్కడ నివాసముంటాయి. అవి ఆ గ్లైకోజెన్ నుంచి వచ్చే చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. దాంతో లోపల పులుపుదనం నిలబడుతుంది (పులుపును కొలిచే పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య; ఈ అంకె ఎంత తక్కువైతే అంత పులుపు). ఆ పులుపులో చెడ్డ క్రిములు పెరగలేవు. అంటే యోని తనను తానే శుభ్రం చేసుకుంటుంది, మనం లోపల కడగాల్సిన పనే లేదు.

ఈ మామూలు ద్రవం కూడా నెలంతా ఒకేలా ఉండదు. పీరియడ్‌కూ పీరియడ్‌కూ మధ్యలో, అండం విడుదలయ్యే రోజుల్లో, కోడిగుడ్డు తెల్లసొనలా పల్చగా, సాగేలా ఉంటుంది. పీరియడ్ వచ్చే ముందు కాస్త చిక్కబడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. ఆరిన తర్వాత బట్ట మీద లేత పసుపు మరక కనిపించినా భయపడక్కర్లేదు. దురద లేదు, మంట లేదు, కుళ్లు వాసన లేదు, మీకు ఎప్పుడూ ఉండేదానికి తేడాగా లేదు అంటే దానికి ఏ మందూ అవసరం లేదు. "ఎముకలు కరిగి పోతున్నాయి, అందుకే నీరసం, నడుంనొప్పి" అన్నది నిజం కాదు. ఆ ద్రవంలో ఎముకలూ ఉండవు, కాల్షియం కారిపోవడమూ ఉండదు. నీరసం ఉంటే రక్తహీనత ఉందేమో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. మన పల్లెల్లో అదే ఎక్కువగా దొరుకుతుంది.

రెండో పని: రెండు రోజులు గమనించండి

మామూలుకి తేడాగా ఉందనిపిస్తే రెండు రోజులు శ్రద్ధగా చూడండి. నూలు ప్యాంటీ వేసుకుని పగటి వెలుతురులో పరీక్షగా చూడండి. ప్యాంటీ అలవాటు లేనివాళ్లు ఉతికి ఎండేసిన తెల్ల నూలుగుడ్డ ముక్క కొంతసేపు పెట్టుకుని చూడవచ్చు. ట్యూబులైట్ కింద బూడిద రంగు, తెలుపు, పచ్చ ఒకేలా కనిపిస్తాయి, అందుకే పగలే చూడమంటున్నాను.

రంగేమిటి? పల్చగా ఉందా, గడ్డలుగా ఉందా, నురగగా ఉందా? వాసన ఎలా ఉంది, భార్యాభర్తలు కలిసిన తర్వాతా పీరియడ్ తర్వాతా పెరుగుతోందా? దురద ఉందా? మూత్రం పోసుకునేటప్పుడు మంట లోపలా, లేక మూత్రం బయట చర్మానికి తగిలినప్పుడా? పొత్తికడుపులో నొప్పి, జ్వరం? ఎన్నాళ్లుగా? పోయిన పీరియడ్ ఎప్పుడు? ఈ మధ్య ఏ జబ్బుకైనా యాంటీబయాటిక్స్ వాడారా? ఇవన్నీ ఓ చీటీ మీదో ఫోన్‌లోనో రాసుకోండి. రాయడం రాకపోతే చదువుకున్న కూతురికి చెప్పి రాయించుకోండి, ఆ పిల్లకూ ఈ విషయాలు తెలియడం మంచిదే.

మంట గురించి ఎందుకు అడిగానంటే, పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీల్లో పొద్దుటినుంచీ కూర్చుని పనిచేసేవాళ్లు మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లే తాగరు. వాళ్లకు వచ్చేది చాలాసార్లు మూత్రనాళ ఇన్ఫెక్షన్. మాటిమాటికీ మూత్రం వస్తుంది, కొద్దికొద్దిగా వస్తుంది, లోపల మంట పుడుతుంది. దాని పరీక్ష వేరు, మందు వేరు.

మూడో పని: దేనితో పోలుతోందో చూడండి

ఎక్కువమందిలో కనిపించేవి మూడు. ఇక్కడ చెప్పే గుర్తులు డాక్టరుకు బదులు కావు. డాక్టరుతో స్పష్టంగా మాట్లాడడానికి పనికొస్తాయి.

బాక్టీరియల్ వెజైనోసిస్. పల్చగా, బూడిదరంగు కలిసిన తెలుపు ద్రవం, పచ్చి చేపల వాసన. భార్యాభర్తలు కలిసిన తర్వాత, పీరియడ్ తర్వాత ఆ వాసన పెరుగుతుంది. దురద పెద్దగా ఉండదు. బయటినుంచి ఒక క్రిమి వచ్చి పడడం వల్ల కాదు, లోపలి మంచి సూక్ష్మజీవులు తగ్గిపోయి గార్డ్‌నెరెల్లా లాంటి వేరే సూక్ష్మజీవులు పెరగడం వల్ల ఇది వస్తుంది. పులుపుదనం తగ్గి పీహెచ్ 4.5 దాటుతుంది. లోపల సబ్బుతో కడిగే అలవాటు ఉన్నవాళ్లకు ఎక్కువగా వస్తుంది. వాసన వస్తోందని ఇంకా గట్టిగా కడుగుతారు, కడిగేకొద్దీ మిగిలిన మంచి సూక్ష్మజీవులు కూడా పోతాయి. ఎందరో ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఇలా అవస్థ పడుతున్నారు. వాసన రావడం మీ శుభ్రత తక్కువై కాదు. ఈ ఒక్క మాట నమ్మండి.

కాండిడా, అంటే ఫంగస్. విపరీతమైన దురద, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వదు. విరిగిన పాలలా, పెరుగు తరకల్లా చిక్కటి తెల్లటి ద్రవం. బయట ఎర్రబడి, ఉబ్బి, మూత్రం తగిలితే భగ్గుమంటుంది. వాసన దాదాపు ఉండదు. నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వచ్చే జబ్బిది, సిగ్గుపడాల్సిన పని లేదు. దగ్గుకో జ్వరానికో యాంటీబయాటిక్స్ వాడాక రావచ్చు, ఎందుకంటే ఆ మందు మంచి సూక్ష్మజీవులను కూడా చంపుతుంది. షుగర్ అదుపులో లేకపోతే, కడుపుతో ఉంటే, స్టెరాయిడ్లు వాడుతుంటే వస్తుంది. ఊడుపుల రోజుల్లో తడిచీరతో సాయంత్రం దాకా ఉండడం, వానాకాలంలో ఆరీ ఆరని లోబట్టలు వేసుకోవడం దీన్ని పెంచుతాయి.

ట్రైకోమొనాస్. పచ్చగానో ఆకుపచ్చగానో, కొందరిలో నురగగా, చెడువాసనతో వస్తుంది. దురద, మంట ఉంటాయి. ఇది లైంగిక సంబంధం ద్వారా ఒకరినుంచి ఒకరికి అంటుకునే ఏకకణ జీవి. చాలామంది మగవాళ్లలో ఏ లక్షణమూ కనిపించదు. అందువల్ల భర్తకు ఏమీ లేదుగా అనుకుంటారు. ఎప్పుడు అంటుకుందో కచ్చితంగా చెప్పలేం, నెలల తరబడి లక్షణాలు లేకుండా ఉండిపోవచ్చు. కాబట్టి దీన్ని పట్టుకుని ఇంట్లో ఒకరినొకరు నిందించుకోవద్దు, ఇద్దరూ మందు వాడండి.

ఇవి కాక, గనేరియా, క్లమీడియా అనే సుఖవ్యాధులు గర్భాశయ ముఖద్వారానికి సోకి చీములాంటి ద్రవం తెస్తాయి. క్లమీడియా చాలాసార్లు చప్పుడు లేకుండా ఉండి, అండం గర్భసంచికి చేరే ట్యూబులను పాడుచేసి పిల్లలు పుట్టకుండా చేయగలదు. పొత్తికడుపు నొప్పి, కలిసినప్పుడు లోపల నొప్పి, కలిశాక రక్తపు చుక్కలు ఉంటే ఆలస్యం చేయకండి. పీరియడ్లు ఆగిపోయిన పెద్దవాళ్లకు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి లోపల పొడిబారి మంట పుడుతుంది. అది ఇన్ఫెక్షనే కాకపోవచ్చు, దానికి పూసుకునే హార్మోన్ క్రీములు వేరే ఉన్నాయి.

నాలుగో పని: కొన్ని మానేయండి

డెటాల్ నీళ్లు, వేపాకు నీళ్లు, సబ్బు, సువాసన వాష్‌లు లోపలికి పోనివ్వకండి. బయట చర్మాన్ని మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు. దొడ్డికి వెళ్లాక ముందునుంచి వెనక్కి కడుక్కోండి. ప్యాడ్ నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చండి. గుడ్డ వాడేవాళ్లు దాన్ని ఎవరి కంటా పడకుండా మంచం కిందో, చీకటి గదిలో ఇంకో బట్ట కిందో ఆరేస్తుంటారు. దయచేసి ఎండలో ఆరేయండి. పైన పల్చటి నూలు టవలు కప్పితే ఎవరికీ తెలియదు, ఎండా తగులుతుంది. వాన వదలని రోజుల్లో ఇస్త్రీ పెట్టెతో వేడి చేయండి.

గజ్జల్లో తామరకని షాపులో ఇచ్చే ట్యూబులు ఇక్కడ అసలు పూయకండి. వాటిలో చాలావాటికి స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రెండు రోజులు దురద చల్లబడినట్టే ఉంటుంది, లోపల ఫంగస్ మాత్రం బలిసిపోతుంది, చర్మం పల్చబడుతుంది. దురద మందు ఏదైనా సరే, డాక్టరు చూడకుండా పూయడం ఆపండి.

ఐదో పని: చూపించుకోండి

ముందు మీ ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో వైద్యం చూసే ఎం.ఎల్.హెచ్.పి.కో, ఏఎన్ఎంకో, ఆశా కార్యకర్తకో చెప్పండి. అక్కడినుంచి పీహెచ్‌సీకి. పెద్దాసుపత్రే కావాలంటే శ్రీకాకుళం సర్వజనాసుపత్రి (మనం ఇప్పటికీ రిమ్స్ అనే అంటాం), టెక్కలి జిల్లా ఆసుపత్రి, విజయనగరంలో ఘోషాసుపత్రి ఉన్నాయి. ఓపీ పొద్దుటే ఉంటుంది కాబట్టి మొదటి బస్సుకే వెళ్లడం మంచిది. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సుఖవ్యాధుల పరీక్షకు విడిగా సురక్ష క్లినిక్‌లు ఉంటాయి. ఆ బోర్డు చూసి వెనక్కి తిరగకండి, తెల్లబట్టకు కూడా అక్కడే చూస్తారు.

వెళ్లేముందు రెండు రోజులు భార్యాభర్తలు కలవకండి, లోపల మందు పెట్టుకోకండి. పీరియడ్ లేని రోజు చూసుకుని వెళ్లండి. బయల్దేరే ముందు లోపల కడుక్కోవద్దు, చూడాల్సిందే పోతుంది.

అసలు అవరోధం గదిలోకి వెళ్లాక వస్తుంది. "ఏటమ్మా?" అని అడగ్గానే, వెనక వరసలో మగవాళ్లు కనిపించి, నోటికి "ఒంట్లో నీరసంగా ఉందండి" అని వస్తుంది. బలం మాత్రలు రాసిచ్చి పంపేస్తారు. అలా కాకుండా, రాసుకున్న చీటీ చేతిలో పెట్టండి. లేదా ఇలా చెప్పండి: "మేడమ్, తెల్లబట్ట అవుతోంది. పది రోజులైంది. చేపల వాసనొస్తోంది, దురద లేదు. పోయిన పీరియడ్ ఫలానా తేదీన వచ్చింది. కాపర్‌-టీ ఉంది. షుగర్ ఎప్పుడూ చూపించుకోలేదు." ఇంత చెబితే డాక్టరు పని సగం అయిపోయినట్టే. కడుపుతో ఉన్నా, ఉన్నామేమోనని అనుమానమున్నా, మొదటి మాట అదే కావాలి. ఆడ డాక్టరు కావాలని, పరీక్ష చేసేటప్పుడు తోడుగా నర్సు ఉండాలని అడగడం మీ హక్కు.

పరీక్షలో ఏం చేస్తారో తెలిస్తే టెన్షన్ ఉండదు. మూత్రానికి వెళ్లొచ్చి పడుకోమంటారు. మోకాళ్లు మడిచి పక్కలకు వదులుగా వదలాలి. స్పెక్యులమ్ అనే రెండు రేకుల పరికరం మెల్లగా లోపలికి పెట్టి తెరుస్తారు. చల్లగా, ఒత్తిడిగా ఉంటుంది, నొప్పిగా ఉంటే "ఆగండి" అనండి, ఆపుతారు. ఊపిరి నోటితో మెల్లగా వదులుతుంటే కండరాలు బిగుసుకోవు. దూదిపుల్లతో కొంచెం ద్రవం తీసి గాజుపలక మీద మైక్రోస్కోపులో చూస్తే చాలాసార్లు ట్రైకోమొనాస్ కదులుతూ కనిపిస్తుంది, ఫంగస్ పోగులు కనిపిస్తాయి. అంతా కలిపి కొద్ది నిమిషాల పని. పెళ్లికాని పిల్లలకు ఈ పరికరం వాడకుండానే చూసే పద్ధతులున్నాయి. ఆ సంగతి ముందే చెప్పండి.

ఆరో పని: మందు పూర్తిగా వాడండి

బాక్టీరియల్ వెజైనోసిస్‌కు సాధారణంగా మెట్రోనిడజోల్ 400 మి.గ్రా. పొద్దున, రాత్రి, ఏడు రోజులు రాస్తారు. నోట్లో ఇనుపరుచి వస్తుంది, కడుపులో తిప్పుతుంది, అన్నం తిన్నాక వేసుకోండి. ఆ రోజుల్లో కల్లు, సారా, మద్యం ముట్టవద్దు. ట్రైకోమొనాస్‌కు కూడా ఇదే మందు వాడతారు, కానీ భర్త కూడా అదే సమయంలో వాడాలి. ఫంగస్‌కు రాత్రి పడుకునేముందు యోనిలో పెట్టుకునే క్లోట్రిమజోల్ బిళ్లలు గానీ, ఒక్క డోసు ఫ్లుకొనజోల్ 150 మి.గ్రా. గానీ ఇస్తారు. కడుపుతో ఉంటే ఫ్లుకొనజోల్ మాత్ర వద్దు, బిళ్లే వాడతారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో తెల్లబట్టకు ఆకుపచ్చ ప్యాకెట్ ఒకటి ఇస్తారు. అందులో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లుకొనజోల్ 150 మి.గ్రా. ఉంటాయి, పైన చెప్పిన మూడు జబ్బులకూ కలిపి ఇచ్చే మందు అది.

మూడో రోజుకి హాయిగా ఉందని ఆపేయకండి. మిగిలిన మాత్రలు దాచి ఆడపడుచుకు ఇవ్వకండి. ఆమె జబ్బు అదే కాకపోవచ్చు. ఉద్దానం వైపు, ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా, కిడ్నీ జబ్బున్న ఇళ్లు చాలా ఉన్నాయి. కిడ్నీ తేడా ఉందని గానీ, ఇంట్లో ఎవరికైనా ఉందని గానీ డాక్టరుకు తప్పక చెప్పండి. నొప్పికి షాపు మాత్రలు మీ అంతట మీరు వేసుకోకండి.

ట్రైకోమొనాస్ అని తేలి, భర్త చెన్నైలోనో హైదరాబాద్‌లోనో వలస పనిలో ఉంటే మాట చెప్పడం కష్టమే. ఫోన్‌లో నింద లేకుండా "నాకు ఇన్ఫెక్షన్ అన్నారు, ఇద్దరం మందు వాడకపోతే మళ్లీ వస్తుందంట, అక్కడ గవర్నమెంటు ఆసుపత్రిలో చూపించుకో" అనండి. చీటీ ఫోటో పంపండి. పండక్కి వచ్చేలోగా ఆయన వైద్యం అయిపోవాలి. ఇద్దరి మందూ పూర్తయ్యాక ఏడు రోజులు గడిచేదాకా కలవకండి, తప్పకపోతే కండోమ్ వాడండి. ఆ సందర్భంలో హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా చేయించుకోవడం మంచిది, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. బాక్టీరియల్ వెజైనోసిస్‌కు భర్తకు మందు అక్కర్లేదని ఇన్నాళ్లూ అనుకున్నారు. అది తిరగబెడుతున్నవాళ్లలో మగవాళ్లకు కూడా మందిస్తే తిరగబెట్టడం బాగా తగ్గిందని 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మళ్లీ మళ్లీ వస్తుంటే ఈ సంగతి డాక్టరుతో మాట్లాడండి.

ఫంగస్ ఏడాదిలో మూడుసార్లు వచ్చిందా? ముందు షుగర్ పరీక్ష. తెల్లబట్టకని వచ్చి షుగర్ బయటపడేవాళ్లు ఉన్నారు. షుగర్ అదుపులోకి రాకుండా ఎన్ని బిళ్లలు పెట్టుకున్నా అది పోదు.

గర్భసంచి తీయించుకోమంటే

ఇక్కడ కాస్త గట్టిగా చెప్పాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతం దగ్గర ఉన్నారు. ఇందులో అవసరమై చేసినవీ ఉన్నాయి. కానీ తెల్లబట్టకే, "క్యాన్సర్ అవుతుంది" అన్న భయంతోనే తీయించుకున్నవాళ్లను మన చుట్టూ చూస్తూనే ఉన్నాం. ముప్పై అయిదేళ్లు నిండని కూలిపనివాళ్లు అప్పు చేసి మరీ తీయించుకున్నారు.

పైన చెప్పిన మూడు జబ్బులూ యోనిలో వచ్చేవి. గర్భసంచి తీసేసినా యోని అలాగే ఉంటుంది, ఆ ఇన్ఫెక్షన్లు మళ్లీ రావచ్చు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే ఒళ్లంతా ఆవిర్లు, ఎముకల బలహీనత వస్తాయి. తెల్లబట్ట దానంతటది క్యాన్సర్‌గా మారదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణం హెచ్‌పీవీ అనే వైరస్. భయం ఉంటే తీయించుకోవడం కాదు, పరీక్ష చేయించుకోవాలి. ముప్పై దాటినవాళ్లకు పలచటి ఎసిటిక్ ఆమ్లం రాసి చూసే వీఐఏ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎవరైనా ఆపరేషన్ అంటే, జబ్బు పేరు కాగితం మీద రాయించుకోండి, స్కానింగు కాపీ తీసుకోండి, వేరే ఊళ్లో ఇంకో గైనకాలజిస్టుకు చూపించండి. తెల్లబట్టకు ఆపరేషన్ రేపే చేయాలన్నంత తొందర ఉండదు.

తొందర ఉండేవి వేరే ఉన్నాయి. పొత్తికడుపు నొప్పితో జ్వరం, పీరియడ్లు ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం, రక్తం కలిసిన కుళ్లువాసన ద్రవం, పీరియడ్ తప్పి కడుపునొప్పి, వీటిలో ఏది ఉన్నా ఆ రోజే వెళ్లండి. ఇంకా వయసుకి రాని పాపకు ఇలా అవుతుంటే నులిపురుగులు కావచ్చు, ఆటలో ఏదైనా లోపల ఇరుక్కుని ఉండొచ్చు, ఎవరైనా చెడుగా ప్రవర్తించి ఉండొచ్చు కూడా. పాపను కసరకుండా అడిగి, పిల్లల డాక్టరుకు చూపించండి. అనుమానం ఉంటే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. కడుపుతో ఉన్నవాళ్లకు నెలలు నిండకుండానే నీళ్లలా కారుతుంటే అది తెల్లబట్ట కాకపోవచ్చు, ఉమ్మనీరు కావచ్చు. బట్ట పెట్టుకుని, పక్కకు తిరిగి పడుకుని, ఇంట్లోవాళ్లచేత వెంటనే 108కి ఫోన్ చేయించండి.